పల్చటి అట్టతో నడక: ఎలా మొదలుపెట్టాలి?

చెప్పులు విడిచి నేల మీద నిలబడండి. నాలుగు వేళ్ళనూ నేలకు ఆనించి ఉంచి బొటనవేలిని మాత్రం పైకెత్తండి. తర్వాత బొటనవేలిని ఆనించి మిగతా నాలుగింటినీ ఎత్తండి. చాలామందికి మొదటిది ఎలాగోలా వస్తుంది, రెండోది రాదు. వేళ్ళన్నీ కట్టకట్టుకుని లేస్తాయి, లేకపోతే పాదమే పక్కకు ఒరుగుతుంది. వేళ్ళను విడివిడిగా కదిపే కండరాలు పాదంలో ఉన్నాయి. ఏళ్ళ తరబడి బిగుతు బూట్లలో ఉండి వాటికి పని పడలేదు, అంతే.

ఇప్పుడు బొటనవేలిని చేత్తో పట్టుకుని మెల్లగా పైకి లాగి, పాదం లోపలి అంచును గమనించండి. వంపు పైకి లేస్తుంది. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పొర ఉంటుంది. వేలు పైకి వంగినప్పుడు ఆ పొర బిగిసి వంపును లేపుతుంది. హిక్స్ అనే పరిశోధకుడు 1954లో ఈ ఏర్పాటును వివరించారు. మనం వేసే ప్రతి అడుగులోనూ మడమ లేచి వేళ్ళు వంగే క్షణంలో ఇది పనిచేయాలి. అప్పుడే 26 ఎముకలు, 33 కీళ్ళు ఉన్న ఆ వదులు నిర్మాణం ఒక్కసారిగా బిగుసుకుని ఒంటిని ముందుకు నెడుతుంది. అట్ట వంగని బూటులో వేళ్ళు వంగవు. ముందుభాగం ఇరుకైతే వేళ్ళు విచ్చుకోవు. మడమ కింద మందపాటి మెత్త ఉంటే పిక్క కండరం ఎప్పుడూ కాస్త కుదించుకునే ఉంటుంది.

పాదాన్ని దాని పని దాన్ని చేసుకోనిచ్చే పాదరక్షలనే మినిమలిస్ట్ చెప్పులు, బూట్లు అంటున్నారు. ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆ పేరు వాడుతుంటే, 2015లో 11 దేశాలకు చెందిన 42 మంది నిపుణులు ఒక నిర్వచనానికి ఒప్పుకున్నారు. వాళ్ళు చూసినవి ఐదు: బరువు, ఎంత తేలిగ్గా వంగుతుంది, అట్ట మందం, మడమకూ మునివేళ్ళకూ మధ్య ఎత్తు తేడా, పాదాన్ని అదుపు చేసే అదనపు అమరికలు లేకపోవడం. మామూలు పరుగు బూట్లలో మడమ 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండటం సాధారణం. వీటిలో ఆ తేడా సున్నా, లేదా సున్నాకు దగ్గర.

ఇందులోకి దిగేముందు ఒక చిన్న చరిత్ర తెలుసుకోవాలి, ఎందుకంటే దెబ్బలు తిన్నవాళ్ళంతా దాని సగమే విన్నవాళ్ళు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా వట్టి కాళ్ళతో మారథాన్ పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. ఈ కథ అందరూ చెబుతారు. అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని, ఇంకో మూడు నిమిషాలు తక్కువలో మళ్ళీ గెలిచాడని చెప్పేవాళ్ళు తక్కువ. 2009లో క్రిస్టఫర్ మెక్‌డూగల్ రాసిన ‘బార్న్ టు రన్’ పుస్తకం మెక్సికో కొండల్లో పల్చటి చెప్పులతో పరుగెత్తే రరామురి జాతి గురించి ప్రపంచానికి చెప్పింది. 2010లో హార్వర్డ్ పరిశోధకుడు డేనియల్ లీబర్మన్ బృందం ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. చిన్నప్పటి నుంచీ వట్టి కాళ్ళతో పరుగెత్తేవాళ్ళు ఎక్కువగా మునిపాదం మీద దిగుతారని, మడమ మీద దిగినప్పుడు కలిగే ఆ తొలి కుదుపు వాళ్ళకు ఉండదని అది చూపింది. దాంతో ఐదు వేళ్ళకూ ఐదు గదులున్న వైబ్రమ్ ఫైవ్‌ఫింగర్స్ లాంటి బూట్లను జనం ఎగబడి కొన్నారు.

ఆ తర్వాత ఏం జరిగిందో అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో చూపించారు. అనుభవమున్న పరుగుగాళ్ళను పది వారాల్లో ఈ బూట్లకు మార్చి, ముందూ తర్వాతా ఎంఆర్ఐ తీశారు. మారిన 19 మందిలో 10 మందికి పాదపు ఎముకల మజ్జలో వాపు పెరిగింది. ఎముక తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ భారం మోస్తోందని దానర్థం. 2014లో వైబ్రమ్ సంస్థ తన ప్రచారంలోని ఆరోగ్య వాగ్దానాలపై వచ్చిన దావాను, తప్పు ఒప్పుకోకుండానే, 37.5 లక్షల డాలర్లకు పరిష్కరించుకుంది.

కథ అక్కడితో ముగిసిందనుకుంటే అదీ సగమే. పరుగు పక్కన పెట్టి రోజువారీ నడకకు మాత్రమే ఇలాంటి బూట్లు వాడినవాళ్ళ మీద లివర్‌పూల్‌లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, ఆరు నెలల్లో పాదం బలం సగానికి పైగా పెరిగింది. ఈ రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చూశాకే నాకు ఈ విషయంలో స్థిరమైన అభిప్రాయం ఏర్పడింది. మారాల్సింది పాదం, బూటు దానికి అవకాశం మాత్రమే ఇస్తుంది. పాదం మారడానికి వారాలు చాలవు, నెలలు కావాలి. చర్మం కొద్ది రోజుల్లో మొద్దుబారుతుంది, కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది, ఎముకా కండర బంధనాలూ మాత్రం అన్నిటికన్నా వెనకబడి వస్తాయి. నొప్పి లేదు కదా అని మూడో వారంలో దూరం రెట్టింపు చేసేవాళ్ళు ఆ వెనకబడినదాన్ని మరిచిపోతారు. కింద చెప్పే మెట్లన్నీ ఆ నిదానాన్ని కాపాడుకోవడానికే.

మొదటి మెట్టు: మీకు తగునా?

మధుమేహం ఉన్నవాళ్ళు దయచేసి ఇక్కడే ఆగండి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గితే గుచ్చుకున్న ముల్లు తెలియదు, కాలిన బొబ్బ తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. పాదంలో తిమ్మిరి ఉన్నా లేకపోయినా ముందు డాక్టరు చేత స్పర్శ పరీక్ష చేయించుకోండి. అరికాలిని సన్నని నైలాన్ పోగుతో అక్కడక్కడా తాకి చూస్తారు, అయిదు నిమిషాల పని. స్పర్శ తగ్గిందని తేలితే ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో నడవకూడదు. మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు రాసిస్తే అవే వాడాలి. మండుటెండలో గుడి ప్రదక్షిణకు వెళ్ళేటప్పుడు కూడా ఈ జాగ్రత్త కావాలి. కాలిన రాతిబండ భక్తికి మినహాయింపు ఇవ్వదు.

ఎముకలు గుల్లబారినవాళ్ళు, కీళ్ళవాతం ఉన్నవాళ్ళు, బొటనవేలి కీలు బిగుసుకుపోయినవాళ్ళు, ఇదివరకు పాదంలో ఎముక చిట్లినవాళ్ళు డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాలి. మడమ నొప్పి ఇప్పుడు తీవ్రంగా ఉన్నవాళ్ళు అది తగ్గేదాకా ఆగాలి. పల్చటి అట్ట ఆ నొప్పికి మందు అని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

రెండో మెట్టు: ఇంట్లో, పైసా ఖర్చు లేకుండా

గడప దగ్గర చెప్పులు విడిచే అలవాటు మనకు ఉండనే ఉంది. కానీ పాలరాయి, టైల్స్ వచ్చాక చాలా ఇళ్ళలో లోపలికి వేరే చెప్పులు వచ్చాయి. రోజంతా బిగుతు బూట్లు, ఇంటికొచ్చాక మెత్తటి చెప్పులు. అలాంటివాళ్ళు మొదటి రెండు వారాలు బయటికి ఏమీ మార్చవద్దు. ఇంట్లో ఉన్న వేళలో రోజుకు ఓ అరగంట వట్టి కాళ్ళతో మసలండి. గంటల తరబడి పొయ్యి ముందు నిలబడేవాళ్ళు ఆ సమయాన్ని ఇందులో కలపకండి. గట్టి నేల మీద కదలకుండా నిలబడటం నడక కన్నా పాదానికి కష్టం.

ఈ రెండు వారాలూ, ఆ తర్వాత కూడా, కొన్ని కసరత్తులు చేయండి. మొదట చెప్పిన వేళ్ళ ఆటే మొదటిది. రాకపోతే చేత్తో సాయం చేయండి, కొన్నాళ్ళకు పాదానికి దారి తెలుస్తుంది. రెండోది అంతకన్నా ముఖ్యం. పాదాన్ని నేలకు ఆనించి, వేళ్ళు ముడవకుండా, బొటనవేలి మొదలును మడమవైపు లాగుతున్నట్టు వంపును పైకెత్తి అయిదు సెకన్లు నిలపాలి. మొదట్లో ఏ కండరాన్ని బిగించాలో అంతుపట్టదు. అరికాలి మధ్యలో తిమ్మిరిలా పట్టేస్తే సరైన చోటే తగిలిందని అర్థం. కూర్చుని మొదలుపెట్టి, తర్వాత నిలబడి, ఆ తర్వాత ఒంటికాలి మీద చేయాలి. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటం కూడా మంచి సాధనే.

పిక్కల కోసం గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి, చాలా నెమ్మదిగా దిగండి. లేవడం కన్నా దిగడంలోనే లాభం ఉంది. మడమ ఎత్తు తగ్గినప్పుడు అదనపు భారమంతా పిక్క మీద, మడమ వెనక ఉండే లావుపాటి నరంలాంటి బంధనం మీద పడుతుంది కనుక ఈ ఒక్కటీ ఎగ్గొట్టవద్దు.

చివరగా, మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోండి. మన పెద్దలు పొలం గట్టు మీద, అరుగు మీద గంటల తరబడి అలా కూర్చునేవాళ్ళు. మడమలు పైకి లేస్తుంటే చీలమండ వంగడం తగ్గిపోయిందన్నమాట. కిటికీ ఊచో, మంచం కోడో పట్టుకుని రోజూ కాసేపు కూర్చుంటే తిరిగి వస్తుంది. మోకాళ్ళు నొప్పిపెట్టేవాళ్ళు బలవంతం చేయవద్దు.

మూడో మెట్టు: చెప్పుల ఎంపిక

సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, ఒక కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీత గీయించుకోండి. రెండూ ఒక్కలా ఉండవు, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఇప్పుడు మీ బూటును ఆ గీత మీద పెట్టండి. చాలామందికి చిటికెనవేలి దగ్గర, బొటనవేలి పక్కన గీత బూటు బయటికి కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఆ మేరకు వేళ్ళను లోపలికి నొక్కి ఉంచారన్నమాట. కొత్త బూటు ఆ గీతను పూర్తిగా కప్పాలి, పొడవులో బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ మిగలాలి. నా లెక్కలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఈ వెడల్పే. అట్ట పల్చగా ఉండి వేళ్ళ దగ్గర ఇరుకైన బూటు కన్నా, అట్ట కాస్త మందమైనా వేళ్ళు విచ్చుకునే బూటు మేలు. ఆడవాళ్ళకు దుకాణాల్లో దొరికే చదును చెప్పులు చాలావరకు ముందు సన్నబడి ఉంటాయి. మడమ ఎత్తు లేదన్న ఒక్క కారణంతో వాటిని కొనవద్దు.

తర్వాత బూటును చేత్తో పట్టుకుని మునివేళ్ళ వైపు నుంచి మడవండి, తువ్వాలు పిండినట్టు మెలిపెట్టండి. రెంటికీ తేలిగ్గా లొంగాలి. అయితే మొదటి జతే కాగితమంత పల్చగా ఉండనక్కరలేదు. నాలుగైదు మిల్లీమీటర్ల అట్ట మీద కంకర రోడ్డు నడక మొదటి నెలలో శిక్షలా ఉంటుంది. మడమ ఎత్తు లేకుండా, 10 నుంచి 15 మిల్లీమీటర్ల మందమున్న దానితో మొదలుపెట్టి, ఆ జత అరిగాక పల్చటిదానికి వెళ్ళడం మంచిది.

హవాయి చెప్పులు పల్చగా, చదునుగానే ఉన్నాయి కదా అని అడుగుతారు. ఇంటి చుట్టుపక్కలకు బాగానే ఉంటాయి. కానీ వెనక పట్టీ లేని చెప్పు జారిపోకుండా ప్రతి అడుగుకూ వేళ్ళు దాన్ని గుంజి పట్టుకోవాలి. దూరం నడిస్తే అది పాదానికి సహజమైన నడక కాకుండా పోతుంది. వెనక పట్టీ ఉండటం అవసరం. పల్లెల్లో వాడిన టైరు చెప్పులకు ముల్లు దిగదు, ఏళ్ళ తరబడి మన్నుతాయి, కానీ ఆ అట్ట బరువు, వంగదు. చెప్పులు కుట్టేవారు మీకు అందుబాటులో ఉంటే నా సలహా వాళ్ళ దగ్గరికే వెళ్ళమని. గీసిన కాగితం ఇచ్చి, మడమ ఎత్తు లేని తోలు అట్ట, కింద పల్చటి రబ్బరు, చీలమండ చుట్టూ పట్టీ కావాలని చెప్పండి. మీ పాదం ఆకారానికే కోసిన చెప్పు వస్తుంది, ఏ పెద్ద కంపెనీ పెట్టెలోనూ అది దొరకదు.

పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మణిపాల్ కస్తూర్బా వైద్య కళాశాలకు చెందిన రావు, జోసెఫ్ అనే వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రచురించారు. పాదరక్షలు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలు ఉంటే, వాడని పిల్లల్లో 2.8 శాతం మందికే ఉన్నాయి. చెప్పులు వేసుకునేవాళ్ళ కన్నా ముందు మూసి ఉండే బూట్లు వేసుకునేవాళ్ళలో ఎక్కువ. ప్రపంచమంతటా పాదాల మీద రాసేవాళ్ళు ఈనాటికీ ఎత్తి చూపే అధ్యయనం ఇది, మన పొరుగు రాష్ట్రంలో జరిగింది. కారణం బూట్లేనని ఒక్క సర్వేతో తేల్చేయలేం. అయినా బడి నల్లబూట్లు ఇరుకయ్యాయా అని రెండు మూడు నెలలకోసారి చూడటానికి, ఇంటికొచ్చాక పిల్లల్ని వట్టి కాళ్ళతో ఆడుకోనివ్వడానికి ఇది చాలు. మట్టిలో ఆడితే కాళ్ళు కడగాలి, ధనుర్వాతం టీకాలు సమయానికి పడాలి. బహిర్భూమిగా వాడే చోట్లకు మాత్రం చెప్పుల్లేకుండా పంపవద్దు, కొంకిపురుగు అరికాలి చర్మంలోంచే ఒంట్లోకి చేరుతుంది.

నాలుగో మెట్టు: బయటి నడక

మొదటి వారం కొత్త చెప్పులతో పది నిమిషాలు నడవండి, రోజు విడిచి రోజు. మిగతా నడకంతా పాత బూట్లతోనే. తర్వాత వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోండి. రెండు నెలలకు ముప్పావుగంట నడవగలిగితే మంచి వేగమే. ఆఫీసుకు బూట్లు తప్పవనుకునేవాళ్ళు రానూపోనూ దారిలో వీటిని వేసుకుని, అక్కడ మార్చుకోవచ్చు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మునిపాదం మీద దిగాలని ఎక్కడో చదివి, నడకలో కూడా మునివేళ్ళ మీద నడుస్తారు. అది పరుగు సంగతి. వట్టి కాళ్ళతో పుట్టి పెరిగినవాళ్ళు కూడా నడిచేటప్పుడు మడమే ముందు ఆనిస్తారు. మీరు చేయాల్సింది అడుగు పొడవు కాస్త తగ్గించడం, మడమను కొట్టినట్టు కాకుండా పెట్టినట్టు ఆనించడం. చెప్పు చప్పుడు వింటూ నడవండి. చప్పుడు తగ్గుతుంటే పాదం నేర్చుకుంటోందన్నమాట.

అయ్యప్ప దీక్ష తీసుకునేవారికి, అలిపిరి మెట్ల మీదుగా కొండెక్కేవారికి ఈ మెట్టు మరీ అవసరం. ఏడాదంతా బూట్లలో ఉన్న పాదం ఒక్కసారిగా 41 రోజులు తారురోడ్ల మీదికి, లేదా ఒక్క పూటలో 3,550 మెట్ల మీదికి వస్తుంది. మాల వేసుకోవడానికి రెండు నెలల ముందే ఇంట్లో, తర్వాత మేడ మీద, తర్వాత పార్కు మట్టిలో వట్టి కాళ్ళ నడక అలవాటు చేసుకుంటే మొదటి వారపు బాధ చాలా తగ్గుతుంది. దీక్షలు సాధారణంగా చలికాలంలో వస్తాయి కనుక మడమలు పగుళ్ళిస్తాయి. రాత్రి కాళ్ళు గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తుడిచి, కొబ్బరినూనె గానీ వాజెలిన్ గానీ పట్టించండి. ఉదయమే అరికాలు వెలుతురులో చూసుకోండి. కొండ ఎక్కేటప్పుడు ఊపిరి పరీక్షిస్తుంది, దిగేటప్పుడు పిక్కలూ తొడలూ పరీక్షకు నిలబడతాయి. అందుకే దిగడం కోసం నెమ్మదిగా మెట్లు దిగే సాధన ముందే చేసి ఉంచుకోవాలి.

అయిదో మెట్టు: పరుగు, అందరికీ కాదు

నడక మాత్రమే చాలనుకునేవాళ్ళు ఈ భాగం వదిలేయవచ్చు. పాదం బలపడటానికి పరుగు అవసరం లేదు. పరుగే కావాలనుకుంటే కనీసం మూడు నెలల నడక తర్వాతే. నడక మధ్యలో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా నాలుగైదుసార్లు, వారానికి రెండుసార్లు మించకుండా. పాదం మీ తుంటికి సూటిగా కింద దిగేలా చిన్న చిన్న అడుగులు, గబగబా. మునిపాదం మీదే దిగాలని పంతం పట్టవద్దు. ఉత్తర కెన్యాలో వట్టి కాళ్ళతో పరుగెత్తే దాసనాచ్ జాతివాళ్ళను తర్వాత పరిశీలిస్తే, మామూలు వేగంలో ఎక్కువమంది మడమ మీదే దిగారు. వేగాన్ని బట్టీ నేలను బట్టీ పాదం తనకు తాను మారుతుంది.

నొప్పి ఏం చెబుతోంది?

పిక్కలు పట్టేయడం, అరికాలు అలసినట్టు ఉండటం మామూలే. రెండు రోజుల్లో పోవాలి, పోయేదాకా పాత బూట్లు వేసుకోండి. ఉదయం మంచం దిగి వేసే మొదటి అడుగులో మడమ కింద సూదిలా పొడిస్తే అరికాలి పొర వాచిందని అనుమానించండి. ఒక వారం వెనక్కి వెళ్ళి సమయం సగానికి తగ్గించండి. మడమ వెనక బంధనం ఉదయం పూట బిగుసుకుని, పట్టుకుంటే నొప్పిగా ఉంటే కూడా అంతే.

అసలు భయపడాల్సింది పాదం పైభాగాన, వేళ్ళకు కాస్త వెనక, వేలితో నొక్కితే కచ్చితంగా ఒకేచోట కలుక్కుమనే నొప్పికి. నడుస్తుంటే పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది. ఎముకలో సన్నటి చీలిక మొదలై ఉండవచ్చు. ఆ రోజుతో నడక ఆపి ఎముకల డాక్టరును కలవండి. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, కనిపించలేదని మళ్ళీ రోడ్డెక్కవద్దు. నొప్పి అలాగే ఉంటే ఎంఆర్ఐ అవసరమా అని అడగండి. మానడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టాల్సింది పది నిమిషాల నడకతోనే.